గోధుమపైరు మీద దూడల మేత

మన పల్లెలలో పశువు చేలో పడినదన్న మాట కలహమునకు మొదటి మాట. పరుల పైరు మేసిన పశువును తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టుటయు, దాని యజమాని అపరాధము చెల్లించి విడిపించుకొనుటయు పెద్దలందరు ఎరిగిన సంగతులే. 1871వ సంవత్సరమున దీనికై ప్రత్యేకముగ ఒక చట్టమే పుట్టినది. కంచె చేను మేసినట్లు అను సామెతలో ధ్వనించునదియు ఈ భయమే. అట్టి మనకు, రైతు తానే కంచె తలుపు తీసి, జానెడు ఎత్తు పెరిగిన పచ్చని గోధుమపైరు మీదికి వందలకొలది దూడలను తోలునని చెప్పినచో వింతగా తోచును. ఇంచుమించు నాలుగు నెలలు ఆ దూడలు ఆ పైరును మేయును. వాటిని తోలివేసిన మూడు నెలలకు అదే పొలమున రైతు గోధుమ కోయును.

ఇది కట్టుకథ కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ ఓక్లహోమా రాష్ట్రమందును, కాన్సస్ దక్షిణ భాగమందును, టెక్సాస్ ఉత్తర భాగమందును ఏటేటా శీతకాలమున జరుగు వ్యవసాయము. ఒకే పైరునుండి పశువు బరువును, ధాన్యమును కూడ తీయుట దీని ఉద్దేశము. రెండు ప్రయోజనముల గోధుమ అని దీనికి అక్కడ పేరు. తెలుగునాట గోధుమ సేద్యము అత్యల్పము. గోధుమ మీద పశువును మేపు ఆచారము మనకు లేదు. అయినను, ఒక్క పైరునుండి రెండు ఫలములను ఆశించినపుడు ఏది ఎంతవరకు తీసికొనవచ్చును, ఎక్కడ చేయి ఆపవలెను అను ప్రశ్న సేద్యమెరిగిన ప్రతి ఇంటికిని సంబంధించినదే. అందుచేత ఈ విషయమును శ్రోతలకు కొంచెము వివరముగ మనవి చేయదలచితిని.

ముందుగా ఆ నేలను గురించి చెప్పవలెను. అది విశాలమైన మైదానము. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. తూర్పున ఒక మోస్తరుగ కురియు వర్షము పడమటికి పోనుపోను తగ్గిపోవును. 1867 మొదలుకొని కొన్ని సంవత్సరములపాటు టెక్సాస్ పశువుల మందలను చిషోమ్ బాట వెంట ఈ నేల మీదుగా కాన్సస్ రైలు స్టేషనులకు నడిపించుకొనిపోయిరి. గోధుమ సేద్యము ఇచ్చట వ్యాపించినది ఆ తరువాత. 1874వ సంవత్సరమున రష్యా సామ్రాజ్యమునుండి వలసవచ్చిన మెనొనైట్ శాఖకు చెందిన రైతులు, వారు జర్మను భాష మాటలాడువారు, టర్కీ రెడ్ అను శీతకాలపు ఎర్రగోధుమను కాన్సస్ నేలకు తెచ్చిరి. 1893 సెప్టెంబరు 16వ తేదీన, చెరొకీ జాతివారిని ఒత్తిడి పెట్టి ప్రభుత్వము కొనిన విశాల భూభాగము వలసదారులకు తెరవబడినది. ఆనాడు లక్షమందికి పైగా జనము గుర్రములమీదను, బండ్లమీదను పరుగుపెట్టి భూములు పట్టుకొనిరి. ఆ భూభాగమందలి ఎనిడ్ పట్టణము నేడు ఆకాశమునంటు గోధుమ గాదెలకు ప్రసిద్ధి చెందినది. పశువుల బాటగా నుండిన నేలయే గోధుమ నేల అయినది. ఆ రెండు వృత్తులును ఒకే పొలమున కలిసికొనుట కాలక్రమమున జరిగినది.

పశువు కొరికిన పైరు మరల ఎట్లు పంట పండును? ఇందలి రహస్యము శీతకాలపు గోధుమ స్వభావమునందున్నది. గోధుమలో రెండు తెగలున్నవి. ఒకటి వసంతమున విత్తి వేసవి చివర కోయునది. రెండవది శరదృతువున విత్తి, మంచులో శీతకాలము గడిపి, మరుసటి యేడు వేసవి మొదట కోయునది. ఈ రెండవ తెగకు కొన్ని వారములపాటు చలి తగిలిననే గాని వెన్ను వేయు శక్తి రాదు. చలి తగలని మొక్క ఎంత కాలమైనను ఆకులే వేయుచు గడ్డివలె నిలిచియుండును. ఆ నెలలలో మొక్క యొక్క పెరుగుమొన, అనగా రాబోవు వెన్నుకు మూలమైన అంకురము, నేలమట్టమునకు క్రిందనే దాగియుండును. పశువు నోటికి అందునది పైనున్న ఆకు మాత్రమే. ఆకు పోయినను క్రింది మొదలు పిలకలు వేసి దుబ్బు కట్టుచుండును. అంకురము నేలక్రిందనున్నంత కాలము దూడకును పంటకును విరోధము లేదు. అది నేలపైకి వచ్చిన క్షణమునుండి విరోధము ఆరంభమగును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన సేద్యమంతయు సులభముగ బోధపడును.

ధాన్యము మాత్రమే కోరు రైతు అక్టోబరులో విత్తును. మేతయు కోరు రైతు సెప్టెంబరు మొదటి పక్షముననే విత్తవలెను. చలి ముదరక మునుపే ఆకు పెరుగవలెను గదా. విత్తనము కూడ ఎకరమునకు ఎక్కువ వేయవలెను. నత్రజని ఎరువు మోతాదును కూడ పెంచవలెను; ఏలయన దూడ మేసిన ఆకుతోపాటు నేలలోని నత్రజనియు పోవును. దూడలు విసర్జించు పేడ, మూత్రముల ద్వారా అందులో అధికభాగము తిరిగి నేలకు చేరునని అనవచ్చును. కాని అది పొలమంతట సమముగ పడదు. నీటి తొట్టెల దగ్గర, మంద విశ్రమించు చోట్ల కుప్పపడును.

తొందరగా విత్తుట ఊరకే లభించు లాభము కాదు. సెప్టెంబరు నేల ఇంకను వేడిగా నుండును. వేడినేలలో కొన్ని రకముల విత్తనము సరిగా మొలవదు. మొలచిన లేత పైరుమీద కత్తెరపురుగు జాతికి చెందిన పురుగులు దండుగా వచ్చి పడవచ్చును. హెస్సియన్ ఈగ, ఆకులపై చారలు తెచ్చు వైరస్ తెగులు తొందరపడి విత్తిన చేనునే ఎక్కువగ బాధించును. అందుచేత మేతకై ముందు విత్తిన చేను, ఇతర విషయములన్నియు సమానమైనను, అక్టోబరులో విత్తిన చేనికంటె ధాన్యము కొంత తక్కువయే ఇచ్చుట సామాన్యము. ఆ తరుగును దూడల బరువు పూడ్చవలెను. స్టిల్‌వాటర్ నగరమందలి ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు ఈ రెండు ప్రయోజనములకును తగిన రకములను చాల కాలముగా పెంపొందించుచున్నారు. 2006లో విడుదలయిన డస్టర్, 2012లో విడుదలయిన గాలగర్ అట్టివి. మేసిన పిమ్మట త్వరగా కోలుకొనుట ఇట్టి రకములలో వారు చూచు ముఖ్యగుణము.

పైరు జానెడు ఎత్తు పెరిగినంత మాత్రమున దూడలను తోలరాదు. మొదట పుట్టిన సన్ననివేళ్లు గాక, మొక్క మొదటనుండి రెండవసారి పుట్టు బలమైన వేళ్లు నేలను పట్టియుండవలెను. లేనిచో దూడ ఆకును కొరుకబోయి మొక్కనే పెరికివేయును. దీనికి రైతు చేయు పరీక్ష చాల తేలిక. పొలములో వంగి, దూడ లాగినట్లే గుప్పెడు ఆకును పట్టి లాగును. ఆకు తెగి చేతికి వచ్చినచో తోలవచ్చును. మొక్క వేళ్లతో సహా వచ్చినచో ఇంకను ఆగవలెను. సామాన్యముగ నవంబరు నెలలో ఈ దశ వచ్చును. శీతకాలపు మేతకు రెండెకరములకు ఒక దూడ చొప్పున లెక్క వేసికొనుట పరిపాటి. కంచె అనిన మన ముళ్లకంచెవంటిది కాదు. సన్నని కడ్డీలు పాతి, ఒకటి రెండు తీగలు కట్టి, వాటిలో స్వల్పముగ విద్యుత్తు ప్రవహింపజేయుదురు. ఒకసారి ముట్టి అదిరిపడిన దూడ మరల ఆ తీగ దరికి రాదు.

ఇక దూడలను గురించి. ఇవి పాలు మాన్పిన దూడలు. ఆరు మొదలు ఎనిమిది నెలల వయస్సు, సుమారు 200 కిలోల బరువు గలవి. కొన్ని రైతు సొంత ఆవుల సంతతి. అనేకములు ఆగ్నేయ రాష్ట్రములందలి చిన్న రైతుల ఇండ్లనుండి సంతలకు వచ్చి, చేతులు మారి, లారీలలో వందల మైళ్లు ప్రయాణము చేసి చేరునవి. వీటిలో కొన్నింటికి మూపురపు ఛాయ, వ్రేలాడు గంగడోలు కనిపించును. అది మన దేశపు రక్తమే. 1906లో టెక్సాస్‌లోని పియర్స్ పశుక్షేత్రము వారు భారతదేశమునుండి పశువులను ఓడలో తెప్పించిరి. అట్టి దిగుమతులనుండియు, పిమ్మట బ్రెజిల్ మీదుగా వచ్చిన మన జాతులనుండియు అమెరికాలో బ్రాహ్మన్ అను జాతి ఏర్పడినది. దాని మూలజాతులలో కాంక్రేజి, గిర్ జాతులతోపాటు మన ఒంగోలు జాతియు ఒకటి. విదేశీయులు దానికి నెల్లూరు పేరు పెట్టి నెలోర్ అని పిలుతురు. ఎండకును, పేలు పిడుదులకును ఓర్చు గుణము కొరకు దక్షిణ రాష్ట్రములవారు బ్రాహ్మన్ రక్తమును తమ ఆవులలో కలిపిరి. కృష్ణా, పెన్నా నదుల నడుమ పుట్టిన జాతి నెత్తురు ఓక్లహోమా గోధుమచేలలో మేయు దూడలలో కొంత ప్రవహించుచున్నదని వినుట మనకు సంతోషమే గదా.

తల్లిని విడిచి, సంత చూచి, దూరప్రయాణము చేసి వచ్చిన దూడ మిక్కిలి బలహీనముగ నుండును. అనేక మందలనుండి వచ్చిన దూడలు ఒకచోట చేరుటచేత ఊపిరితిత్తుల జ్వరము త్వరగా వ్యాపించును. అందుచేత తెలివిగల రైతు వాటిని వెంటనే పైరుమీదికి తోలడు. మూడు నాలుగు వారములు దొడ్డిలో నుంచి, ఎండుగడ్డి, మంచినీరు ఇచ్చి, టీకాలు వేయించి, పొట్టపురుగులకు మందు పట్టించి, మగదూడలకు విత్తుకొట్టించనిచో ఆ పనియు చేయించి, ఉదయసాయంకాలములు ఒక్కొక్క దానిని పరిశీలించుచుండును. చెవులు వ్రేలవేసి మందకు దూరముగ నిలుచున్న దూడను ఆనాడే గుర్తించినచో అది బ్రతుకును. మరునాటికి వాయిదా వేసినచో బ్రతుకునను నమ్మకము లేదు.

లేత గోధుమపైరు దూడకు ఎంతటి ఆహారమో చూడుడు. ఎండిన తూకములో నూటికి 20 మొదలు 30 పాళ్లు మాంసకృత్తులు ఇందులో నుండును. జీర్ణమగు భాగము మిక్కిలి ఎక్కువ. చల్లని గాలి వీచు దినములలో ఇట్టి పచ్చిమేత మీద నున్న దూడ రోజుకు కిలోకు కొంచెము అటునిటుగా బరువు పెరుగును. అయితే ఇందులో లోపములును ఉన్నవి. పెరుగు దూడ ఎముకలకు చాలినంత సున్నము, అనగా కాల్షియము, ఈ ఆకులో లేదు. అందుచేత కాల్షియము గల ఖనిజలవణ మిశ్రమమును పొలములోనే తొట్టెలలో నుంచుదురు. ఇదే పైరుమీద దూడలకు బదులు పాలిచ్చు ఆవులను మేపినచో మెగ్నీషియము, కాల్షియము తగ్గి, ఆవు వణకుచు, తూలిపడి, కొన్ని గంటలలో మరణించు ప్రమాదమున్నది. గోధుమమేత ఈ దూడలకు పథ్యమైనంతగా ఈనిన ఆవులకు పథ్యము కాదు.

దూడలకు వచ్చు పెద్ద ఆపద కడుపుబ్బరము. మన రైతులకు ఇది తెలియని వ్యాధి కాదు. కోసిన జొన్నమోళ్లనుండి లేచు నాము పశువునకు విషమనియు, ఆకలిగొన్న పశువును లేతపచ్చిక మీద విడువరాదనియు మన పెద్దలు చెప్పుదురు. నాము విషము వేరు, ఉబ్బరము వేరు. కాని పచ్చనిదెల్ల పథ్యము కాదను పాఠము రెంటికిని ఒక్కటే. నెమరువేయు పశువు పెద్దపొట్టలో మేత పులియుచు గాలి పుట్టుచుండును. ఆ గాలిని పశువు త్రేన్పుల ద్వారా బయటికి విడుచును. లేత గోధుమలో నీటిలో కరగు మాంసకృత్తులు అధికముగ నుండుటచేత, పొట్టలోని ద్రవము సబ్బు నురుగువలె చిక్కబడును. గాలి ఆ నురుగులో చిన్న బుడగలుగా చిక్కుకొని బయటికి రాలేదు. ఎడమ డొక్క ఉబ్బి, ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను అదిమి, పశువు ఊపిరాడక చనిపోవును. సాయంకాలము ఆరోగ్యముగ నున్న దూడ ప్రొద్దుటికి కాళ్లు చాచి పడియుండుట ఈ మేతలో అరుదు కాదు.

దీనికి ఉపాయములు లేకపోలేదు. దూడలను మొదటిసారి తోలునపుడు ఎండుగడ్డితో కడుపు నింపి తోలవలెను. చలి విరిగి, పైరు ఒక్కసారిగ ఏపుగా ఎదుగు వెచ్చని దినములలో కనులలో వత్తులు వేసికొని చూడవలెను. నురుగును విరుచు పొలాక్సలీన్ అను మందును, అప్పుడప్పుడు గాక ప్రతిదినము దూడ తినునట్లు దాణాలో కలిపి పెట్టవలెను. 1960వ దశకమున కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనలు దీని ఉపయోగమును స్థాపించినవి. మొనెన్సిన్ అను మరియొక ద్రవ్యము పొట్టలోని సూక్ష్మజీవుల వృత్తిని మార్చి, ఉబ్బరమును కొంత తగ్గించును; దూడ బరువును కూడ కొంత పెంచును. ఐతే ఈ మొనెన్సిన్ గుర్రములకు ప్రాణాంతకము. గుర్రములున్న దొడ్డిలో దాని మూట తెరచియుంచరాదు.

ఇప్పుడు ధనము మాట. ఇందులో పొరబడువారు అనేకులు. లెక్క కొరకు ధరలను ఊహించుకొందము. 200 కిలోల దూడను కిలో 6 డాలర్ల చొప్పున 1,200 డాలర్లకు కొన్నామనుకొనుడు. నవంబరు మొదలు మార్చి మొదటివరకు మేసి 110 కిలోలు పెరిగి 310 కిలోలయినది. కొన్న ధర ప్రకారము ఆ 110 కిలోలకు 660 డాలర్లు లాభమని అనుభవము లేనివాడు లెక్కించును. కాని సంతలో చిన్న దూడకున్న కిలో ధర పెద్ద దూడకు ఉండదు. బరువు పెరిగిన కొలది కిలో ధర తగ్గును. అది 5 డాలర్లయినచో దూడకు వచ్చునది 1,550 డాలర్లు. పెరిగిన 110 కిలోలకు నిజముగ దక్కినది 350 డాలర్లు. అనగా కిలోకు మూడు డాలర్లకు కొంచెము పైచిలుకు. ఇందులోనే పొలము కౌలు, అప్పు మీద వడ్డీ, ఖనిజములు, మందులు, కూలి అన్నియు పోవలెను. దూడకు 100 డాలర్లు మిగిలినదనుకొన్నను, ఒక్క దూడ చచ్చినచో పన్నెండు దూడల లాభము దానితోనే పోవును. ఉబ్బరపు మందుకు వెనుకాడువాడు ఈ లెక్క చూచుకొనవలెను.

ఇక ఈ సేద్యమునకు ప్రాణమువంటి విషయమునకు వచ్చుచున్నాను. ఫిబ్రవరి చివర పగళ్లు పొడుగగును. నేల వెచ్చబడును. ఇంతవరకు నేలక్రింద దాగియున్న అంకురము కదలును. దాని క్రింది కాడ సాగి, లోపల బోలుగా ఏర్పడును. రాబోవు వెన్ను ఆ బోలుకాడ చివర నిలిచి మెల్లగా పైకి లేచును. వెన్నుకు క్రిందనున్న బోలు ఒకటిన్నర సెంటీమీటరు పొడవు అయిన దశను తొలి బోలుకాడ దశ అందురు. దూడలను తోలివేయవలసిన దినము అదియే. ఆ తరువాత మేసినచో దూడ ఆకును మాత్రమే గాక రాబోవు వెన్నునే కొరికివేయును. పైగా, వెన్ను పెరుగుటకు బలమిచ్చు ఆకును కూడ తీసివేయును.

దీనిని కనుగొనుటకు యంత్రములు అక్కరలేదు. ఒక పలుగు, ఒక చాకు, ఒక కొలబద్ద చాలును. అయితే ఒక జాగ్రత్త కలదు. మేసిన చోట మొక్క కొన్ని దినములు వెనుకబడియుండును. అచ్చట పరీక్షించినచో మోసపోవుదుము. కంచెకు బయట, పశువు ముట్టని చోట, అదే రకపు, అదే దినమున విత్తిన మొక్కలను వేళ్లతో సహా త్రవ్వి, వాటిలో పెద్ద కాడలను పది ఎన్నుకొని, నిలువుగా చీల్చి కొలువవలెను. ఈ దశ ఏటేటా ఒకే తేదీన రాదు. రకమును బట్టి, ఆ యేటి చలిని బట్టి రెండు మూడు వారములు ముందు వెనుకలగును. ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు ఆ రోజులలో తమ క్షేత్రములందు అనేక రకముల కాడలను చీల్చి కొలిచి, ఆ కొలతలను రైతులకు ప్రకటించుచుందురు. అయినను ఆ ప్రకటన ఒక హెచ్చరిక మాత్రమే. ఎవరి పొలమున వారు చాకు పట్టవలసినదే.

ఆ దినము దాటినచో ఏమగును? దినమునకు నూటికి ఒకటి మొదలు ఐదు పాళ్లవరకు ధాన్యము తగ్గునని వారి పరిశోధనలు తెల్పుచున్నవి. ఇచ్చట రైతు మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. దూడలు నున్నగా నిగనిగలాడుచుండును. మేత అప్పుడే మిక్కిలి రుచిగా, ఏపుగా లేచుచుండును. లారీవాడు ఇంకొక వారము దాక రాలేనని కబురంపును. సంతలో ధర వచ్చే వారము పెరుగునని ఎవరో చెప్పుదురు. ఒక్క వారమునకు ఏమి మునిగిపోవునని అతనికి తోచును. ఆ ఒక్క వారమును లెక్క వేయుదము. ఎకరమునకు 40 బుషెళ్లు, అనగా సుమారు 11 క్వింటాళ్ల పంట రావలసియున్నదనుకొనుడు. దినమునకు నూటికి మూడు పాళ్లు చొప్పున ఏడు దినములకు నష్టము సుమారు 8 బుషెళ్లు. బుషెల్ 5 డాలర్లయినచో 40 డాలర్లు. ఆ వారమున దూడ 8 కిలోలు పెరుగును. రెండెకరములకు ఒక దూడ గావున ఎకరమునకు 4 కిలోలు. కిలో మూడు డాలర్ల చొప్పున 12 డాలర్లు. పన్నెండు కొరకు నలువదిని వదలుకొనుట ఎవరికి మేలు?

అట్లని ధాన్యమును కోయుటయే అన్ని వేళల ఉత్తమమని చెప్పరాదు. గోధుమ ధర పడిపోయి, దూడల ధర పెరిగిన యేట కొందరు కోతను పూర్తిగ మానుకొని, మరికొన్ని దూడలను చేర్చి, మే నెలవరకు పైరును మేపివేయుదురు. ఎకరమునకు ఒక దూడ చొప్పున అరువది దినములు మేపినచో, ఇంతకుముందు వేసిన లెక్క ప్రకారము 66 కిలోలు, అనగా సుమారు 200 డాలర్లు వచ్చును. 40 బుషెళ్ల గోధుమకు వచ్చునదియు 200 డాలర్లే. అందులో కోతకూలి పోవలెను. కాబట్టి ఇది న్యాయమైన వ్యాపారమే. గట్టు దాటినచో పూర్తిగ దాటవలెను. లేనిచో ఇవతలనే ఆగవలెను. నడుమ తటపటాయించు రైతుకు ఇటు ధాన్యమును దక్కదు, అటు తగినంత బరువును దక్కదు. కొందరు ఒక పొలమునుండి దూడలను తీసి, ఆ దూడలనే పక్క పొలమున చేర్చి, ఒకదానిని కోతకును, రెండవదానిని మేతకును విడుచుదురు. అదియు మంచి పద్ధతియే. ఏ పొలము దేనికో ముందే నిశ్చయించుకొనియుండుట ముఖ్యము.

ఇవి రైతు చేతిలోనున్న సంగతులు. చేతిలో లేనివి ఇంకను ఉన్నవి. సెప్టెంబరులో వాన కురియనిచో విత్తనము దుమ్ములోనే పడియుండును, మేత లేదు. కొన్న దూడలు దొడ్డిలో నిలిచి ఎండుగడ్డి కొరకు అరచును. జనవరిలో మంచువాన కురిసి పైరుమీద గాజుపలకవలె గడ్డకట్టినచో దూడ నోటికి ఆకు అందదు. నీటిగుంటలమీద మంచు పగులగొట్టుటకు రైతు గొడ్డలి పట్టుకొని తెల్లవారక మునుపే పోవలెను. ఇందుకే కొంత ఎండుగడ్డిని వాము వేసి దాచుకొనని ఇల్లు అక్కడ తెలివిగల ఇల్లు కాదు. 2020 తరువాత వచ్చిన అనావృష్టి సంవత్సరములలో అనేకులు మేత లేక ఆవులను అమ్మివేసిరి. 2025 జనవరి 1 నాటి గణనలో ఆ దేశపు పశుసంఖ్య 8 కోట్ల 67 లక్షలకు దిగినది. 1951 తరువాత అంతటి స్వల్పసంఖ్య ఆ గణన నాటికి నమోదు కాలేదు. దీనికితోడు, జీవించియున్న పశువు మాంసమును తొలిచితిను ఒక ఈగపురుగు భయముచేత మెక్సికోనుండి వచ్చు దూడలను 2024 నవంబరులోను, మరల 2025 మే నెలలోను నిలిపివేసిరి. దూడలు తగ్గినందున ధరలు పెరిగినవి. అమ్మువానికి అది సంతోషము. కొని మేపువానికి అది భయము కూడ. ఏలయన ఒక్కొక్క దూడమీద పెట్టుబడి పెరిగిన కొలది, ఒక్కొక్క చావు నష్టమును పెరుగును.

ఈ దూడలు పొలము విడిచి ఎక్కడికి పోవునని శ్రోతలలో కొందరు అడుగవచ్చును. వాటిని పెద్ద పెద్ద మేపుడుదొడ్లకు పంపి, అక్కడ కొన్ని నెలలు మొక్కజొన్న మొదలగు దాణాతో బలియజేసి, ఆపైని మాంసశాలకు పంపుదురు. మన ఇండ్లలో కోడెదూడకు పేరు పెట్టి, అరక కట్టి, సంక్రాంతికి కొమ్ములకు రంగు వేసిన అలవాటు గల మనస్సుకు ఇది కష్టముగ తోచుట సహజము. దానిని దాచి చెప్పుట న్యాయము కాదు. అయినను ఆ రైతు తన దూడను నిర్లక్ష్యముగ చూచునని అనుకొనరాదు. మంచులో పారపట్టి దారి చేసి మేత చేరవేయునదియు, అర్ధరాత్రి దీపము పట్టుకొని ఉబ్బిన డొక్కను తడిమి చూచునదియు ఆ రైతే.

మన నేల వేరు, మన పంటలు వేరు. కనుక ఈ పద్ధతిని యథాతథముగ మన పొలములలో అనుసరింపుడని నేను చెప్పబోవుట లేదు. శీతకాలపు గోధుమకు కావలసిన చలి మనకు లేదు. మన పైరుల అంకురము అన్ని నెలలు నేలక్రింద దాగియుండదు. కోతలయిన చేలలో గొర్రెల మందను కట్టించి ఎరువు సంపాదించు మన ఆచారమునందును పశువు, పైరు ఒకదానికొకటి సహాయపడుట ఉన్నది. అందును ఎప్పుడు మందను పిలువవలెను, ఎప్పుడు పంపివేయవలెను అనునదియే ప్రధానము. ఓక్లహోమా రైతునుండి మనము గ్రహింపదగినది ఈ కాలనిర్ణయము. అతడు పంచాంగము చూడడు, పొరుగువానిని అడుగడు. కంచెకు బయట నున్న మొక్కను చీల్చి, కొలబద్ద పెట్టి చూచి, ఆ కొలత చెప్పినట్లు చేయును. దూడలు ఎంత చక్కగా మేయుచున్నను, మేత ఎంత పచ్చగా నున్నను, కొలత ఒకటిన్నర సెంటీమీటరు చూపిన నాడు గేటు తెరచి దూడలను లారీ ఎక్కించును. జూను నెలలో కోతయంత్రము ఆ పొలమున తిరుగునపుడు దాని ఫలము అతనికి కనబడును.